ఊపిరి కోసం ఆగే చేతులు

తొడుగులు వేసుకునే ముందు అప్పలకొండ రెండుసార్లు చేతులు కడుక్కుంటుంది. ప్రయోగశాల నియమం ప్రకారం ఒక్కసారి చాలు. రెండోసారి ఎందుకని ఎవరైనా అడిగితే చేపల కంపు అని చెబుతుంది గానీ, అది ఉత్త అబద్ధం. ఆమె చేపల బుట్ట దించేసి చాలాకాలమైంది. మొగుడి దగ్గరికి వెళ్లేటప్పుడు శుభ్రంగా వెళ్లాలని ఏ ఆడదానికి ఉండదు చెప్పండి?

ఆ మొగుడు పోయి ఏడాది కావస్తోంది. పేరు మసేను. నల్లదిబ్బపాలెం ఒడ్డున మునిగేవాళ్లను పైకి లాగే ఉద్యోగం. అప్పలకొండదీ అదే ఉద్యోగం. సముద్రంలోకి దూకేది అతను, ఒడ్డున అందుకునేది ఆమె. తర్వాత ఇసకలో ఇద్దరూ చెరోపక్క కూలబడి, ఆగిన గుండెను మళ్లీ నడిపించే పని చేసేవాళ్లు. అతను ఛాతీ నొక్కేవాడు. ఆమె నోటితో ఊపిరి ఊదేది.

ఇప్పుడు ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఉన్నది ఇసకలో కాదు, పాలరాతి నేల మీద. ఎదురుగా రబ్బరు బొమ్మ. ప్రయోగశాలలో అలాంటివి మూడున్నాయి. నిలువెత్తు మనిషి బొమ్మను అందరూ పెద్దాయన అంటారు. ఐదారేళ్ల పిల్ల బొమ్మ చిట్టి. చంకనెత్తుకునేంత పసిబిడ్డ బొమ్మ బుజ్జి. ఇవాళ పెద్దాయన వంతు.

తొడుగులు తాటిముంజె రంగులో ఉంటాయి. మొదట చల్లగా తగిలి, చేతి వెచ్చదనం తాగి, కాసేపటికి చర్మానికి అంటుకుపోతాయి. అప్పలకొండ పెద్దాయన రొమ్ము నడిమధ్య ఎడమ అరచేతి అడుగుభాగం ఆనించి, దానిమీద కుడిచెయ్యి వేసింది. అంతే. తొడుగులు మేలుకున్నాయి. మోచేతులు వంగకుండా బిగిసిపోయాయి. భుజాలు ముందుకు వచ్చి సరిగ్గా బొమ్మ మీద నిలిచాయి. నొక్కుడు మొదలైంది.

రెండంగుళాలు లోపలికి, మళ్లీ పూర్తిగా పైకి. నిమిషానికి వందకు పైన, నూటఇరవై దాటకుండా. ఆ లెక్క ప్రపంచంలో ఎక్కడైనా ఒకటే. కానీ ఆ నొక్కే తీరు ఒక్కడిది. దిగేటప్పుడు కరుగ్గా, లేచేటప్పుడు అయ్యో పాపం అన్నట్టు నెమ్మదిగా. ఎడమచేతి ఉంగరం వేలు కొంచెం ఎడంగా, ఎందుకంటే మసేను వేలు చిన్నప్పుడు పడవ అంచున నలిగి అది సరిగా ముడుచుకోదు. అప్పలకొండ వేలికి ఏ దెబ్బా తగల్లేదు. అయినా తొడుగు వేసుకుంటే అది ఎడంగా జరుగుతుంది.

ముప్పై అయ్యాక, పైచేతి బొటనవేలు కిందిచేతిని చిన్నగా తట్టింది. నీ వంతు అని దాని అర్థం. కెరటాల హోరులో లెక్క గట్టిగా అరిచినా వినపడదు. అందుకని మసేను అలా తట్టేవాడు. ఆ తర్వాత చేతులు వెంట్రుకవాసి పైకి లేచి ఆగేవి. ఆమె రెండు ఊపిరులు ఊది, రెండుసార్లూ రొమ్ము పైకి లేస్తేనే మళ్లీ నొక్కుడు మొదలుపెట్టేవాడు.

అప్పలకొండ వంగి ఊదింది. పెద్దాయన రొమ్ము లేచింది. చేతులు మళ్లీ కదిలాయి. ఆమె కళ్లు మూసుకుంది. ఇంకెంతసేపైనా ఇలాగే ఉండిపోవాలనిపించింది.

"చాలు అప్పలకొండా, ఇంక లే. తొడుగు పొర అలిసిపోతుంది," అంది డాక్టర్ సుభాషిణి.

"ఇంకొక్క సారి డాక్టరమ్మా."

"అలా అని నిన్న ఐదుసార్లు చేశావు."

సుభాషిణి కోప్పడదు. యాభై దాటిన మనిషి, పెళ్లి మాట మరిచిపోయి ఈ పొర వెనకాలే పడింది. కొన్నేళ్ల కిందట ఒక వేసంగిలో పేరు తెలియని జెల్లీచేపలు ఈ తీరానికి గుట్టలుగా కొట్టుకొచ్చాయి. మళ్లీ ఎప్పుడూ రాలేదు. వాటికి మెదడు లేదు, కానీ ఒకసారి నేర్చుకున్న కదలికను ఒళ్లంతా దాచుకుంటాయని ఈవిడ కనిపెట్టింది. వాటి కణాలతో నాలుగేళ్లు కష్టపడి ఒక పొర పెంచింది. మసేను ఆరునెలలపాటు రోజూ దాన్ని చేతులకు చుట్టుకుని, పక్కన అప్పలకొండను కూర్చోబెట్టుకుని, బొమ్మల మీద పని చేశాడు. పొర నేర్చుకుంది. గాజు పళ్లెంలో ఉప్పునీళ్లలో ఉండే ఆ తల్లిపొర నుంచి నలుసంత తీసి కొత్త పొరకు అంటిస్తే, పాలకు తోడు పెట్టినట్టు, తెల్లారేసరికి ఆ విద్య దానికీ వచ్చేస్తుంది. అలా తయారైన తొడుగు ఒక రుతువు బతుకుతుంది. దాని నుంచి ఇంకోదానికి అంటిస్తే మాత్రం అందుకోదు. అన్నిటికీ ఆ ఒక్క తల్లిపొరే మూలం.

ఏమీ రాని మనిషి కూడా వాటిని తొడుక్కుని ప్రాణం నిలబెట్టగలగాలి. అదీ సుభాషిణి ఆశ. కార్తీకమాసం సముద్రస్నానాలకు జనం విరగబడే లోపల ప్రతి రేవులోనూ ఒక స్తంభం, దానికో పెట్టె, పెట్టెలో ఒక జత ఉండాలని ఆవిడ పట్టుదల.

*

ఇంటికి వచ్చేసరికి అత్త సూరమ్మ వాకిట్లో ఎండు నెత్తళ్లు ఏరుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఏటన్నాడే?"

రోజూ అదే ప్రశ్న. కోడలు పొరుగూరులో ఉన్న కొడుకుని చూసి వస్తున్నట్టే అడుగుతుంది.

"ఏటంటాడు, నొక్కమన్నాడు," అంది అప్పలకొండ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని పక్కన కూర్చుంటూ.

"అంతేనా? తిన్నావా అని అడగలేదా?"

"ఆ ముండాడికి అదెప్పుడు గుర్తుండేదత్తా?"

ముసల్ది నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకుంది. ఇద్దరూ చేపలు ఏరడంలో పడ్డారు.

మసేను పోయిన రోజు సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. అప్పలకొండ అక్కకూతురు పెద్దమనిషయిందని కబురొస్తే ఆమె కన్నవారింటికి వెళ్లింది. ఒడ్డున కాపలాకి ఎప్పుడూ ఇద్దరుండాలి. "ఒక్కపూటే గదా, యెల్లొచ్చీ, నాను సూసుకుంతాను," అన్నాడు మసేను. ఆ పూటే కాలేజీ కుర్రాళ్లిద్దరు కెరటంలో చిక్కుకున్నారు. ఇద్దర్నీ ఒకడే లాగాడు. ఒడ్డుకి తన కాళ్ల మీదే నడిచొచ్చాడు. దమ్ము తీసుకుంటానని పడవ నీడన కూర్చున్నాడు. కూర్చున్నవాడు పక్కకి ఒరిగిపోయాడు.

ఊరంతా చేరింది. ఆ ఊరివాళ్లకి సముద్రంలోంచి వచ్చి పడిపోయినవాడంటే కడుపులో నీళ్లు చేరినవాడనే లెక్క. తాతలనాటి నుంచీ అంతే. బోర్లించిన పడవ మీద బోర్లా పడుకోబెట్టి, వీపు మీద నొక్కి నీళ్లు కక్కించాలి. "నీళ్లు తియ్యండ్రా, నా కొడుకు నీళ్లు తాగీసినాడు," అని అందరికంటే గట్టిగా అరిచింది సూరమ్మే. చుక్క నీరు రాలేదు. ఆగింది గుండె. వెల్లకిలా తిప్పి రొమ్ము నొక్కాల్సింది పోయి వీపు నొక్కుతూ కూర్చున్నారు. ఆ విద్య తెలిసిన ఇద్దరిలో ఒకడు పడవ మీద ఉన్నాడు, రెండోది ఊళ్లో లేదు. ఆ ఇద్దరుండగా మనకెందుకులే అని మూడో మనిషి ఎవడూ నేర్చుకోలేదు.

అందుకే సుభాషిణి తొడుగుల పని ఆపకుండా కొనసాగిస్తానంటే అప్పలకొండ సాయంగా చేరింది. ఊరి కోసమని చెప్పింది. నిజంగా అయితే పళ్లెంలో మొగుడి చేతులున్నాయి, ఎక్కడికి పోతుంది?

*

చిక్కు చిట్టి దగ్గర బయటపడింది.

ప్రయోగశాలలో యంత్రాలు చూసే ఫణీంద్ర బయటి మనుషుల్ని ఒక్కొక్కరిని పిలుచుకొచ్చి తొడుగులు వేయించి చూస్తున్నాడు. ఆ రోజు వచ్చింది బస్సు కండక్టరు ఒకాయన. లావాటి మనిషి, గలగలా మాట్లాడతాడు. చిట్టి ముందు కూర్చోబెట్టి, "ఏమీ ఆలోచించకండి, చేతులు ఎటు తీసుకెళ్తే అటు వెళ్లండి," అన్నాడు ఫణీంద్ర.

తొడుగులు చిట్టి రొమ్ము కొలత పట్టుకున్నాయి. పెద్దాయనకైతే రెండు చేతులు, పిల్లదానికి ఒక్కటి చాలు. కండక్టరు కుడిచెయ్యి వెనక్కి తగ్గింది, ఎడమ అరచేయి ఒక్కటే పని మొదలుపెట్టింది. రొమ్ము మందంలో మూడోవంతు లోతు. తీరు చూసి సుభాషిణి తల ఊపింది. పదిహేను నొక్కులు పడ్డాయి. తొడుగు ఆగింది.

కండక్టరు ఎదురుచూశాడు. అందరూ ఎదురుచూశారు.

"ఏంటండీ, ఆగిపోయింది? ఛార్జింగు అయిపోయిందా?"

"మీరు నొక్కండి," అన్నాడు ఫణీంద్ర.

"నొక్కనిస్తే కదండీ! ఎవరో చెయ్యి పట్టుకుని పైకెత్తినట్టుంది."

మళ్లీ చేశారు. మళ్లీ పదిహేనుకే ఆగింది. పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే ముప్పై నొక్కి అక్కడా ఆగింది. కండక్టరుకి నోటితో ఊదడం రాదు, వచ్చినా చెయ్యి కదిలించాలంటే భయం. తొడుగు కదలదు, మనిషి కదలడు. నిజంగా ఒడ్డున అయితే ఆ నిలబడిపోయిన కాలంలో బొమ్మ కాదు, బిడ్డ చచ్చిపోయేది.

కండక్టరు వెళ్లాక సుభాషిణి కుర్చీలో వెనక్కి వాలి చిట్టికేసి చూసింది. తర్వాత మెల్లగా అంది.

"పెద్దవాళ్లకి కాపాడే మనుషులిద్దరున్నా ఒక్కరున్నా ముప్పైకి రెండు ఊపిర్లు. పిల్లలకి అలా కాదు. వాళ్ల గుండె సాధారణంగా ఊపిరాడకే ఆగుతుంది. అందుకని పక్కన ఇంకో మనిషి ఉంటే పదిహేనుకే ఊపిరి ఇస్తారు. ఒక్కరే ఉంటే రొమ్ము దగ్గర్నుంచి నోటి దగ్గరికి, మళ్లీ రొమ్ము దగ్గరికి తిరగడానికే కాలం చాలదు. కాబట్టి పిల్లలకీ ముప్పై. ఇదంతా మసేనుకి కంఠతా వచ్చు. కానీ మనం అతని చేత ఒంటరిగా ఎప్పుడు చేయించాం?"

ఫణీంద్ర మసేను రోజుల నోటుపుస్తకం తీసి తిప్పసాగాడు.

"ఎప్పుడూ లేదు," అంది సుభాషిణి తనే. "ప్రతిసారీ పక్కన అప్పలకొండ ఉంది. పొరకి ప్రపంచంలో ఒంటరి మనిషి ఉంటాడనే తెలీదు. తప్పు నాదే. అప్పలకొండా, నీకిది ముందే తెలుసు కదూ?"

అప్పలకొండ బుజ్జిని ఒళ్లో పెట్టుకుని దాని తల తుడుస్తోంది. తుడవడం ఆపలేదు.

"తెలుసు," అంది. "నా కోసం ఆగతన్నాడు."

*

మార్గం ఒక్కటే ఉంది. తల్లిపొరకి ఒంటరి పని నేర్పాలి. రోజుల తరబడి తల్లిపొరనే చేతులకు చుట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా నొక్కాలి, తనే ఊదాలి, మళ్లీ నొక్కాలి. ఫణీంద్ర ప్రయత్నించాడు. పొర అట్టలా బిగుసుకుపోయింది. సుభాషిణి ప్రయత్నించింది. అంతే. కొత్త చేతుల్ని అది ఒప్పుకోలేదు. ఆరునెలలు పక్కనే ఉన్న అప్పలకొండ చేతుల్నైతే ఒప్పుకుంటుంది.

"నేర్పితే ఆయన చెయ్యి ఏటౌతాది?" అని అడిగింది అప్పలకొండ.

సుభాషిణి అబద్ధం చెప్పలేదు. "కొత్త అలవాటు పాతదాని మీదే పడుతుంది. ఆగడం పోతుంది. దాంతోపాటు ఇంకెంత పోతుందో నాకు తెలీదు. చాలావరకు పోవచ్చు."

"పొరని రెండు ముక్కలు సేసీయండి. ఒకటి నాకిచ్చీయండి."

"అక్కా, పాతపొర ఒకదాన్ని అలాగే కోశాం," అన్నాడు ఫణీంద్ర తలొంచుకుని. "రెండూ మరిచిపోయాయి."

"అయితే ఇద్దరుంతేనే వాడండని పెట్టె మీద రాసీయండి!"

"ఒక్కరే ఉంటే?" అంది సుభాషిణి.

అప్పలకొండకి ఒళ్లు మండిపోయింది. "ఒక్కరే ఉంతే నాకేటి? ఊళ్లో ఉన్నోలందరికీ ఆయన కావాల. బతికున్నన్నాళ్లూ ఎవలెవలి బిడ్డల కోసమో దూకినాడు. సచ్చినాక సేతులు కూడా మిగలనియ్యరా నాకు? నాను సెయ్యను డాక్టరమ్మా. ఇంకెవలిచేతనైనా సేయించుకోండి." విసురుగా లేచి, చేతులకున్న తొడుగులు కూడా విప్పకుండా గుమ్మందాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి, అవి జాగ్రత్తగా విప్పి నీళ్లలో వేసి, అప్పుడు వెళ్లింది.

సుభాషిణి ఆపలేదు. తర్వాత కబురూ పెట్టలేదు. పదిరోజులు గడిచిపోయాయి. అప్పలకొండ మళ్లీ బుట్ట నెత్తికెత్తుకుని చేపలమ్మింది. బేరాల మధ్యలో, చిల్లర ఇస్తూ ఇస్తూ, కుడి బొటనవేలితో ఎడమచేతిని తట్టుకుని చూసుకునేది. అది తన వేలే. ఏమీ అనిపించేది కాదు. రాత్రిళ్లు అరచేతులు చెంపల కింద పెట్టుకుని పడుకునేది. మనిషి పోయినప్పుడు ఒకసారి ఏడ్చింది. ఇప్పుడు అతని దగ్గరికి వెళ్లే దారి ఉండీ వెళ్లకుండా ఉండటం అంతకంటే కష్టంగా ఉంది. అతని మీద అంత ఆశ ఇంకా ఒంట్లో ఎక్కడ దాక్కుందో ఆమెకే తెలియలేదు.

సూరమ్మ గమనిస్తూనే ఉంది.

"ఏటే, కొడుకు మాట సెప్పటం మానీసినావు?"

అప్పలకొండ ఉన్నదంతా చెప్పేసింది. ముసల్ది వింది. మర్నాడు పొద్దున్నే తలకు నూనె రాసుకుని, ఉతికిన కోక కట్టుకుని, గుమ్మంలో నిలబడింది.

"పద. నన్నూ తీసికెల్లు. ఒక్కపాలి ఆడి సెయ్యి నానూ పట్టుకుంతాను. తరవాత నీ ఇష్టం."

*

సుభాషిణి కుర్చీ వేయబోతే సూరమ్మ వద్దని నేల మీదే కూర్చుంది. ఫణీంద్ర తొడుగులు తొడిగాడు. ముడతలుపడ్డ చేతుల మీద అవి వదులుగా వేలాడి, కాసేపటికి వెచ్చబడి బిగుసుకున్నాయి. ముసల్ది వేళ్లు మెల్లగా ముడిచి చూసుకుంది.

"ఎచ్చగా ఉన్నాదే," అంది.

అప్పలకొండ ఆమె చేతులు తీసి పెద్దాయన రొమ్ము మీద పెట్టింది. తొడుగులు మేలుకున్నాయి. ఎనభైకి దగ్గరపడిన ఆ చేతులు ఒక్కసారిగా చక్కబడి, రొమ్ములోకి దిగాయి. సూరమ్మ కెవ్వుమంది. తర్వాత నవ్వింది.

"ఓలమ్మో, ఇంత బలమేటే! ఈడు నా మసేనేనా? నాకు తెలిసిన సెయ్యి ఇంతుండేది," అని బొటనవేలు, చూపుడువేలు ఎడం చేసి చూపించబోయింది. తొడుగు చెయ్యి వదల్లేదు. "ఒదలడే! పని సేసుకోనీ అంతన్నాడు. సిన్నప్పుడూ అంతే."

ముసల్ది నవ్వుతూ ఏడుస్తూ ఊగిపోతోంది. ముప్పై అయ్యాయి. బొటనవేలు తట్టింది. చేతులు పైకి లేచి ఆగాయి.

సూరమ్మ ఎదురుచూసింది. బొమ్మకేసి చూసింది, చేతులకేసి చూసింది.

"ఏటే, ఆగిపోనాడు?"

"నా కోసం అత్తా. నాను ఊపిరి ఊదాల. ఊదిందాకా కదల్డు."

"మరి ఊదు."

అప్పలకొండ కదల్లేదు. ఊదితే మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. ముసల్ది అలాగే చేతులు గాలిలో పెట్టుకుని కూర్చుంది. ఒక నిమిషం. ఇంకాస్త. నవ్వు పోయింది. ముఖంలో ఏదో మారింది. పెద్దాయన రబ్బరు ముఖాన్ని అదే పనిగా చూస్తోంది. ఆమె చూస్తున్నది రబ్బరు ముఖం కాదని అప్పలకొండకి అర్థమైంది.

"కొండా," అంది సూరమ్మ చాలా నెమ్మదిగా. "ఆ దినం ఇయి నా సేతులకి ఉన్నాయనుకో. బోర్లా ఎయ్యొద్దు, ఎల్లకిలా తిప్పమని ఎవలో నాకు సెప్పినారనుకో. నాను నొక్కుదును గదే. నా కొడుకు గుండె నా కొడుకు సేతుల్తోనే నొక్కుదును. ముప్పై నొక్కీసి, ఆడు ఆగిపోడూ? నువ్వు ఊళ్లో లేవు. నీ కోసం అలాగ సూస్తా ఉండిపోడూ? నాను పక్కన కూకోని, సేతులు పైకెట్టుకోని..."

అప్పలకొండ వంగి గబగబా ఆమె చేతుల నుంచి తొడుగులు లాగేసింది. లాగేసి ఆ ముసలి చేతుల్ని గుండెకి అదుముకుంది. ఇద్దరూ పాలరాతి నేల మీద పెద్దాయన పక్కనే కూలబడి ఏడ్చారు. ఫణీంద్ర బయటికి వెళ్లిపోయాడు. సుభాషిణి మాత్రం అక్కడే, గోడకి ఆనుకుని నిలబడింది.

కాసేపయ్యాక అప్పలకొండ ముక్కు తుడుచుకుని లేచింది.

"తల్లిపొర తీయండి డాక్టరమ్మా."

*

బుజ్జితో మొదలుపెట్టింది. పసిబిడ్డ విద్య మసేను పొరకి నేర్పనే లేదు, ఆలోపే పోయాడు. అక్కడ చెరపాల్సిందేమీ లేదు. రెండు చేతులతో బుజ్జి ఒళ్లంతా చుట్టి పట్టుకుని, రెండు బొటనవేళ్లతో రొమ్ము నడుమ ఒకటిన్నర అంగుళాల లోతున నొక్కడం. ఊదేటప్పుడు బిడ్డ నోరూ ముక్కూ రెండూ తన నోటితోనే మూసి, బుగ్గల్లో పట్టేంత గాలి చాలు. పొర కొత్త పాఠాన్ని బుద్ధిగా పట్టుకుంది. అప్పలకొండకి పిల్లల్లేరు. బుజ్జిని కింద పెట్టేటప్పుడు ప్రతిసారీ తల కింద చెయ్యి వేసే పెట్టింది.

తర్వాత చిట్టి.

పదిహేను దాకా ఇద్దరిదీ ఒకటే దారి. మసేను నొక్కుతాడు, ఆమె చెయ్యీ అతనితోపాటే పోతుంది. పదిహేను పడగానే పొర చేతిని పైకి లేపింది. దారి ఇచ్చింది. రా, నీ వంతు అంది. అప్పలకొండ పళ్లు బిగించి కిందికి నొక్కింది. పొర పైకి లాగింది. ఆమె నొక్కింది. పెళ్లయిన ఇన్నేళ్లలో మొగుడి చేతిని అలా ఎదిరించింది లేదు. పదహారు. పదిహేడు. ప్రతి నొక్కులోనూ అతను లేస్తున్నాడు, ఆమె దింపుతోంది. ముప్పై అయ్యేసరికి ముంజేతులు వణికిపోయాయి. చెయ్యి తీసి, తనే చిట్టి నుదురు వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, రెండు ఊపిర్లు ఊది, మళ్లీ వచ్చి చెయ్యి ఆనించింది. ఊదిన తర్వాత మాత్రం అతను వెంటనే మొదలుపెట్టాడు. మళ్లీ పదిహేనుకి ఆగాడు.

"నొక్కు మావా," అంది ఆమె పైకే. "నా కోసం సూడకు. నాను లేనక్కడ. నువ్వు నొక్కీ."

రోజూ అదే. పొద్దున్న వచ్చేది, చేతులు పడిపోయేదాకా చేసేది, ఇంటికెళ్లి అత్త చేత మోచేతులకి వేడినీళ్ల కాపడం పెట్టించుకునేది. సూరమ్మ ఏటన్నాడని అడగడం మానేసింది. పెద్దాయన దగ్గర ఇంకోలా నేర్పాల్సి వచ్చింది. పెట్టె తెరిచే మనిషికి ఊదడం రాకపోవచ్చు, భయపడొచ్చు. అందుకని కొన్నిసార్లు ఆమె ముప్పై తర్వాత కావాలనే ఊదకుండా కూర్చునేది. పొర ఎదురుచూసేది. ఊపిరి రాకముందే ఆమె బలవంతాన నొక్కుడు మొదలుపెట్టేది. ఊపిరి వస్తే సరే, రాకపోతే ఆగకు. అది నేర్పడం అన్నిటికంటే కష్టమైంది. అంత నమ్మకంగా తన కోసం ఎదురుచూసే చేతుల్ని మోసం చేస్తున్నట్టుండేది.

ముందుగా ఉంగరం వేలు పోయింది. ఒకరోజు చూసుకుంటే మిగతా వేళ్లతో కలిసిపోయి ఉంది. అప్పలకొండ కాసేపు ఆ వేలిని ఎడంగా లాగి పట్టుకుంది. వదిలితే దగ్గరికి వచ్చేసింది. తర్వాత లేచేటప్పటి నెమ్మది పోయింది. ఆమెది కొంచెం దురుసు చెయ్యి, ఆ దురుసే పొరకి పట్టుబడింది. బొటనవేలి తట్టు చాలాకాలం నిలిచింది. వణికినట్టుగా, తట్టనా వద్దా అన్నట్టుగా. ఒకరోజు అదీ రాలేదు. అప్పలకొండ ఆ రోజు ఇంటికి వెళ్లలేదు. ప్రయోగశాల మెట్ల మీద చీకటి పడేదాకా కూర్చుంటే సుభాషిణి కూడా వచ్చి పక్కన కూర్చుంది.

కార్తీకం ఇంకా వారం ఉందనగా ఆఖరి పరీక్ష పెట్టారు. పెట్టెల్లోకి వెళ్లాల్సిన కొత్త తొడుగుల్లోంచి ఒక జత ఎంచి అప్పలకొండకే ఇచ్చారు.

"నువ్వేమీ చెయ్యకు," అంది సుభాషిణి. "చేతులు వదిలెయ్యి. అవే చెయ్యాలి."

అప్పలకొండ చేతులు ఒక్కసారే కడుక్కుంది. తొడుగులు వేసుకుంది. చిట్టి పక్కన కూర్చుంది.

నొక్కుడు మొదలైంది. చక్కగా, కొలతగా, ఎవరిదో తెలియకుండా. పది. పన్నెండు. ఆగకూడదని కోరుకుంటోందో ఆగాలని కోరుకుంటోందో ఆమెకే తెలియదు. పదిహేను. చెయ్యి లేవలేదు. పదహారు దాటింది, ఇరవై దాటింది.

"ఉన్నాడా?" అని అడిగింది సుభాషిణి. అడగకూడదని తెలిసీ అడిగింది.

"మాటాడించకండి డాక్టరమ్మా."

ముప్పై. అప్పలకొండ చిట్టి నుదురు వంచి, గడ్డం ఎత్తి, ఊదింది. రొమ్ము లేచింది. మళ్లీ ఊదింది. మళ్లీ లేచింది. ఆ రెండో ఊపిరి దగ్గర ఆమె కొంచెంసేపు అలాగే వంగి ఉండిపోయింది, తల ఎత్తేదాకా అతను కాచుకుని ఉంటాడన్న పాత ధైర్యంతో. తర్వాత అరచెయ్యి తెచ్చి రొమ్ము మీద పెట్టింది. ఆమె ఇంకా సర్దుకోనేలేదు, కొంగు జారితే ఎగదోసుకోనేలేదు. చెయ్యి అప్పటికే నొక్కడం మొదలుపెట్టేసింది.